ఒప్పుకున్న మనిషి

కళ్ళద్దాల షాపులో ఒక పెద్దాయన ముక్కు మీద కొత్త ఫ్రేము సరిచేస్తుండగా ఆమె ఫోన్ మోగింది.

"రిపోర్టు వచ్చిందమ్మా. ఒకసారి రాగలరా?" అంది డాక్టరమ్మ.

పొత్తికడుపులో నొప్పిగా ఉంటే పోయిన వారం పరీక్షలు చేయించుకుంది. అప్పుడు తోడు వెళ్ళిన అక్కే ఇప్పుడూ వచ్చింది.

"క్లమీడియా అని ఒక ఇన్ఫెక్షన్. మీకు పాజిటివ్ వచ్చింది. భయపడకండి, మందులతో పూర్తిగా తగ్గిపోతుంది."

"ఎలా వస్తుందది?" అక్క అడిగింది.

"శారీరక సంబంధం వల్ల."

అక్క ఒళ్ళోంచి చేతిసంచీ జారి కింద పడింది. ఎవరూ తీయలేదు.

"నాకు పెళ్ళయి ఇరవై రెండేళ్ళండీ," అంది ఆమె, ఆ మాటతో రిపోర్టు మారిపోతుందన్నట్టు.

"ఏ లక్షణాలూ లేకుండా ఇది ఒంట్లో చాలాకాలం ఉండిపోగలదు. ఎప్పుడొచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఈ పరీక్ష చెప్పదు. అరుదుగా పరీక్షే తప్పవుతుంది కూడా. మీరు మళ్ళీ ఒకసారి చేయించుకోండి, మీవారికీ చేయిద్దాం. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అనకండి."

ఆమె తలూపింది. అక్క ఊపలేదు.

ఆమె భర్త లిఫ్టు మెకానిక్. మాట పొదుపు మనిషి. "నాన్న నోరు తెరవాలంటే ఎక్కడో ఒక లిఫ్టు ఆగిపోవాలి" అని కూతురు ఏడిపిస్తుంటుంది.

ఆ సాయంత్రం అతను చేతులకంటిన గ్రీజు కడుక్కుని వచ్చేసరికి భోజనాల బల్ల దగ్గర అక్కాచెల్లెళ్ళిద్దరూ కూర్చుని ఉన్నారు. బల్ల మీద కంచాలు లేవు.

"కూర్చో మరిదీ," అని అక్క ఉన్న విషయం దాపరికం లేకుండా చెప్పేసింది.

అతను విన్నాడు. భార్య వైపు చూశాడు. ఆమె నేల చూపులు చూస్తోంది. 'నేనలాంటివాణ్ణి కాదు' అని భర్త ఒక్కమాట అంటాడేమోనని ఎదురుచూస్తోంది.

"గాల్లోంచి ఊడిపడే జబ్బు కాదట. మీ ఇద్దరిలో ఎవరో ఒకరు," అంది అక్క. చెల్లెలి వైపు తిరిగింది. "షాపంటావు, రోజూ పదిమందీ వస్తుంటారు. సొంత చెల్లెలివి కాబట్టి ముందు నిన్నే అడుగుతున్నా. చెప్పు."

ఆమె తల ఇంకా కిందికి వాలింది. చెవులు ఎర్రబడ్డాయి. తోడబుట్టినదే ఇంతమాట అంటుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

పక్క గదిలో కూతురు గట్టిగా చదువుకుంటున్నది కాస్తా ఆగిపోయింది.

"మాట్లాడవేమే?"

"తననేం అడక్కండి వదినా," అన్నాడతను. "నేనే."

"ఏంటి నువ్వే?"

"తప్పు నాదే. నా వల్లే వచ్చింది."

"ఎవరది?" అంది ఆమె.

"ఎవరైతేనేం. అయిపోయిన సంగతి."

రెండ్రోజులకు, మళ్ళీ పరీక్ష ఎప్పుడని డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"ఇంకెందుకండీ. ఆయన ఒప్పుకున్నారు."

"అయినా చేయించుకుంటే మంచిదమ్మా."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఇద్దరూ మందులు వేసుకున్నారు, వేరువేరు గదుల్లో.

తర్వాత వేరువేరు ఇళ్ళు. అతను పనిచేసే షెడ్డు పైన ఒక గది చూసుకున్నాడు. ఆమె విడాకుల కాగితాలు పంపితే చదవకుండానే సంతకం పెట్టాడు. కూతురి కాలేజీలో లిఫ్టు చెడిపోయిందని ఒకరోజు వెళ్ళాడు. బాగుచేసి తలుపు తీసి నిలబడితే, ఆ పిల్ల చూసి కూడా మెట్లెక్కి పోయింది. అతను పిలవలేదు.

కోర్టు తీర్పు వచ్చిన వారానికి డాక్టరమ్మే షాపుకు వచ్చింది.

"మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఆ రోజు ల్యాబులో కొన్ని శాంపిళ్ళు ఒకదానితో ఒకటి కలిసి పాడయ్యాయట. వాళ్ళకిప్పుడు తెలిసింది. విడిగా దాచి ఉంచిన మీ శాంపిల్ మళ్ళీ పరీక్షించారు. మీకు ఆ జబ్బు లేనేలేదు."

"మరి ఆయన ఒప్పుకున్నారు కదండీ."

"ఏమని?"

ఆమె షాపు మూసి అక్క ఇంటికి వెళ్ళింది.

"జబ్బు లేదంటే తప్పు లేదనేనా? ఉత్తపుణ్యానికి ఎవడైనా ఒప్పుకుంటాడా?" అంది అక్క, సంగతి విని.

ఆమెకూ అదే అంతు పట్టలేదు. మర్నాడు షాపు తెరవకుండా అతన్ని వెతుక్కుంటూ వెళ్ళింది.

ఒక ఆఫీసు కింది అంతస్తులో, విప్పిన లిఫ్టు తలుపు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు.

"పరీక్ష తప్పట. నాకసలేం రాలేదట."

అతను చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"రాలేదా?"

"లేదు. ఇప్పుడైనా చెప్పండి. ఎవరామె?"

"ఎవరూ లేరు."

"ఎవరూ లేకపోతే నేనే అని ఎందుకన్నారు?"

అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"పిల్ల వింటుండగా మీ అక్క నిన్ను నిలదీస్తోంది. నువ్వేమో తలెత్తడం లేదు," అన్నాడు. "నీవల్లే వచ్చిందనుకున్నాను."