మూత కావాలి

"రేపు పదింటికి సుపర్నో వస్తారట" అని ఫోన్ పెట్టేసి కేకేసింది బిస్కెట్ల పొయ్యి దగ్గర పనిచేసే తుమీనీ పెద్దమ్మ.

"సుపర్నో ఎవరు?" అంది ఇబూ వురియానీ.

"నాకేం తెలుసు. అన్నీ సిద్ధంగా పెట్టుకోమన్నారు."

నీకెన్ నెత్తి కొట్టుకుంది.

"సూపర్ నుంచి అని ఉంటారు పెద్దమ్మా. సూపర్‌మార్కెట్ నుంచి."

"పొయ్యి హోరులో నాకు సుపర్నో అనే వినపడింది. ఆ పేరు మన సలతీగా ఊళ్లో వీధికి ఇద్దరికి ఉంది. నన్నేం చెయ్యమంటావు?"

ఆ బిస్కెట్ల ఫ్యాక్టరీ ఇబూ వురియానీది. ఇబూ అంటే అక్కడ అమ్మగారు. ఎర్ర రేకు డబ్బాలో గుండ్రటి బిస్కెట్లు. డబ్బాల కంపెనీయే గానీ డబ్బా కొట్టుకోవడం చేతకాదు. అమ్మకాలు అడుగంటాయి. సూపర్‌మార్కెట్ వాళ్లు సరుకు తీసుకోకపోతే రంజాన్ ముగింపు లెబరాన్ పండగ కాగానే ఫ్యాక్టరీ మూతే.

అందుకే జకార్తాలో డిజైను చదివిన మేనకోడలు నీకెన్‌ను పిలిపించింది. ఆ పిల్ల రేకు డబ్బాను అటకెక్కించి, కొనేవాళ్లను మూడు రకాలు చేసి బిస్కెట్లకు మూడు వేషాలు కట్టింది.

కాలేజీ వాళ్లకు నల్ల సంచి. సంచలనమట.

టూరిస్టులకు తోలుబొమ్మ వేసిన అట్టపెట్టె. అంతా అట్టహాసం.

తల్లులకు గులాబీ ప్యాకెట్. చక్కెర తక్కువ, రంగు ఎక్కువ.

మర్నాడు పదింటికి బాతిక్ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన గేటు దగ్గర నిలబడ్డాడు. చంకలో పాత ఎర్ర డబ్బా.

"పేరు?" అంది పెద్దమ్మ.

"సుపర్నో అండి."

పెద్దమ్మ లోపలికి తిరిగి విజయగర్వంతో చూసింది.

"నా చెవులు పనిచెయ్యవన్నవాళ్లు ఒకసారి ముందుకు రండి."

ఆయన్ని పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. మల్లెపూల టీ ఇచ్చారు.

"నాకోసం ఎదురు చూస్తున్నారా?" అన్నాడాయన బిత్తరపోయి.

"నిన్నటినుంచీ" అంది ఇబూ.

"మన పాత డబ్బా కూడా సంపాదించుకొచ్చారు. గట్టి మనిషి" అని అత్త చెవిలో గొణిగి, నీకెన్ నల్ల సంచి ఎత్తి చూపించింది. "ఇది కాలేజీ వాళ్లకు సార్."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "తిన్నాక ఇందులో ఏం పోసుకుంటారు?"

"తిన్నాక పారేస్తారండీ."

"పారేస్తారా?" అని జాలిగా కింద పెట్టాడు.

"ఇది టూరిస్టులకు."

"చీమలకు కూడా బాగానే ఉంటుందమ్మా."

"ఇది తల్లులకు."

"మా అమ్మ ఒప్పుకోదు. మూత ఏది? నాకు మూత కావాలి." ఎర్ర డబ్బాను బల్ల మీద పెట్టాడు. "దీనికి."

నీకెన్ గబగబా రాసుకుంది. "మూత అంటే నమ్మకం అంటున్నారు అత్తయ్యా."

"పెద్దవాళ్లు అలాగే చెబుతారు. నువ్వు రాసుకో" అంది ఇబూ.

ఆయన ముఖంలో నవ్వు మొలిచింది.

"బిస్కెట్లు అయిపోయాక మా అమ్మ ఇందులో బియ్యం వడియాలు పోయిస్తుంది. పండక్కి వచ్చినవాళ్లు బిస్కెట్లనుకుని ఆశగా మూత తీస్తారు. వడియాలు చూసి ముఖం వేలాడేస్తారు. మా అమ్మ మంచం మీదనుంచి లేవలేదు గానీ, ఆ ముఖాలు చూసి పగలబడి నవ్వుతుంది. మూత లేకపోతే దూరంనుంచే తెలిసిపోతుంది కదా."

ముందు పెద్దమ్మ నవ్వింది. తర్వాత ఇబూ. ఆ డబ్బా చేతిలో మోసపోనివాళ్లు ఆ గదిలో లేరు.

నీకెన్ మాత్రం నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. మూడు ప్యాకింగులూ పక్కకు తోసి పెన్సిలు తీసింది. పాత ఎర్ర డబ్బానే గీసింది. మూత లోపలివైపు పెద్ద అక్షరాలతో రాసింది: "బిస్కెట్లనుకున్నారా?"

"కాలేజీ వాళ్లకు చిన్న డబ్బా, ఇంటికి పెద్ద డబ్బా. సార్, మీరు అడిగినట్టే."

"నేనడిగింది..."

"మాకర్థమైంది సార్."

మూడు రకాల బిస్కెట్లూ ఒళ్లో పెట్టి, ఆయన డబ్బా ఆయన చేతికిచ్చి, డ్రైవర్ తార్జోను పిలిచి కంపెనీ వ్యానులో సగౌరవంగా సాగనంపారు.

మధ్యాహ్నం ఓ అమ్మాయి చెమటలు కక్కుతూ వచ్చింది.

"నేను హప్సరీని, సూపర్‌మార్కెట్ నుంచి. దారిలో టైరు పంక్చరైంది, ఏమీ అనుకోకండి."

ఇబూ ఖాళీ అయిన పెద్ద కుర్చీనీ, ఆ అమ్మాయినీ మార్చి మార్చి చూసింది.

హప్సరీ బల్ల మీది బొమ్మను చూసింది. మూత లోపలి మాట చదివి కిసుక్కున నవ్వింది.

"మా పిన్ని వాళ్లింట్లో ఏటా ఇలాగే మోసపోతాను. ఈ మూతతో పండక్కి మా అన్ని కొట్లకూ పంపగలరా?"

ఇబూ కళ్లు తుడుచుకుంది. "పంపుతాం తల్లీ. ఇక మూతే మమ్మల్ని మూతపడనివ్వదు."

"మరి పొద్దున వచ్చినాయన?" అంది నీకెన్.

అందరూ పెద్దమ్మ వైపు తిరిగారు.

"నన్ను చూస్తారేం. ఫోన్లో సుపర్నో అన్నారు, సుపర్నోయే వచ్చాడు" అంది పెద్దమ్మ.

అప్పుడే లోపలికొచ్చిన తార్జో వ్యాను తాళాలు బల్ల మీద పెట్టాడు.

"ఆయన ఏ సూపర్‌మార్కెట్ మనిషీ కాదమ్మా, మన బిస్కెట్లు కొనుక్కునే మనిషి. వాళ్లమ్మ డబ్బా మూత ఎక్కడో పోయిందట, విడిగా ఒకటి అమ్ముతారేమో అడుగుదామని వచ్చాడట."