వాన చదివిన మిషను

పట్నంలో కంప్యూటర్ కేంద్రం పెట్టాక, వాన రిజిస్టర్లలో ఎండిన రోజులు లెక్కగట్టి మిషను తయారుచేసిన కరువు జాబితాల్లో నల్లగొండకు వచ్చిన మొదటిది అది. అందులో పేరున్న తాలూకాలకే సర్కారు బావులు తవ్విస్తుంది. తాలూకా ఆఫీసులో వెతికి చూస్తే, తమ తాలూకా పేరు లేదు.

"మిషను తప్పు జేసిందా ఎల్లస్వామీ? వాన కొలిచేది నువ్వే గద" అన్నాడు గుమాస్తా మెహమూద్.

ఎల్లస్వామి రిజిస్టరు తెరిచాడు. పదేళ్లుగా, వాన పడని ప్రతిరోజూ ఒక మిల్లీమీటరు అని ఉంది.

"గిదేందయ్యా?"

"ఉత్త సున్న రాస్తే అరిష్టమంటరు సాబ్. అందుకే ఒకటి ఏసిన."

"పదేండ్లా! ఎవ్వరూ సూడలేదా?"

"నెలనెలా కింద దస్తఖత్ నీదే సాబ్. చదివింది మిషనొక్కటే."

మెహమూద్ రిజిస్టరు మూశాడు. బావి అడగడానికి వచ్చినవాళ్లు వరండాలో ఇంకా కూర్చునే ఉన్నారు.