సాగర్ రోడ్డు మీదున్న

“ఎల్బీనగర్ దగ్గర సాగర్ రోడ్డు మీదున్న అన్నా. పది నిమిషాలల్ల దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసుల ఉంటా,” అన్నాడు బాల్‌రాజ్ ఫోన్‌లో.

ఆయన ఉన్నది సింగపూర్ దాటిన ఓడ మీద, పువ్వుల చొక్కాలో. చుట్టూ సముద్రం. ప్లాట్లమ్మే మనిషి, భార్యకు విశ్రాంతి కావాలని డిసెంబర్‌లో పట్టుబట్టి తీసుకొచ్చాడు.

ఓడ హారన్ భోరుమని మోగింది.

“లారీ అన్నా. ఒకటే ట్రాఫిక్.”

పక్క కుర్చీలో భార్య ఆండాలు కొబ్బరినీళ్లు తాగడం ఆపింది.

“ఎంత ముద్దుగ చెప్పినవయ్యా! ఒక్క మాట తడబడలే.”

“బిజినెస్‌ల గిది మామూలే.”

“నాకు గూడ ఇరవై ఏండ్ల సంది గిదే చెప్తున్నవ్ గదా? సాగర్ రోడ్డు మీదున్న, ఒచ్చినంక కలిసి తిందాం అని. నేను కూర మల్ల మల్ల ఉడుకు చేసుకుంట కూసుంటి.”

“గప్పుడు నిజంగనే ట్రాఫిక్ ఉండె.”

“అవునవును. ఓడలే అడ్డమొచ్చుంటయ్.”

చెప్పులేసుకుని పై డెక్కుకు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం భోజనాల హాల్లో బాల్‌రాజ్ రెండు ప్లేట్లు ముందు పెట్టుకుని అరగంట కూర్చున్నాడు. అన్నం చల్లారింది. చివరికి వాట్సాప్‌లో కాల్ చేశాడు.

“ఏడున్నవే? ఆకలైతుంది.”

పైన ఆండాలు ఎండలో కాళ్లు చాపుకుని, నల్ల కళ్లద్దాలు సర్దుకుంది.

“సాగర్ రోడ్డు మీదున్న. ఒచ్చినంక కలిసి తిందాం.”