చేవకర్ర మంచం

ముసలయ్యకు మతి చలించిందని పక్కింటి లోవమ్మ చెప్పింది. లోవమ్మకు ఆ మాట తోడికోడలు చెప్పిందట. తోడికోడలు కళ్ళారా చూసిందట.

"కోరుకొండ రోడ్డులో గణేష్‌బాబు కొట్టునిండా మిషను మీద నున్నగా తీసిన పలకలున్నాయి కదా! అవి తెచ్చి బిగించుకుంటే సాయంత్రానికల్లా మంచం తయారు. ఈయనేమో రాజమండ్రి వెళ్ళి బెరడు కూడా తియ్యని టేకు దుంగ తెచ్చుకున్నాడంటమ్మా. మంచం కావాలని అడిగినవాడు లేడు, పెట్టినవాడు లేడు. ఒట్టి పంతం!"

పంతమేనని ఊరంతా నమ్మింది. నమ్మడానికి కారణం ఉంది.

గణేష్‌బాబు ఉలి పట్టడం నేర్చింది వడ్రంగి ముసలయ్య పాకలోనే. రెడీమేడ్ ఫర్నిచర్ షాపు తెరిచిన రోజున మాత్రం మైకు పట్టుకుని, "మా గురువుగారి మంచాలకు చెద తొందరగా పడుతుందండి. కొన్నవాళ్ళు ఓసారి తిరగేసి చూసుకోండి" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వుతో ముసలయ్య పాకకు మనిషి రావడం మానేశాడు. ఒప్పుకున్న పెళ్ళివారి పని కూడా వెనక్కి పోయింది.

"నలుగురిలో తీసిన పరువు నలుగురిలోనే కక్కిస్తాను వాడిచేత" అన్నాడు ముసలయ్య.

"కక్కిద్దురుగాని, ముందు ఇంట్లోకి ఉప్పు తెండి" అంది అతని భార్య సంపూర్ణమ్మ.

అటువంటివాడు దుంగ తెచ్చాడు. కోత మిల్లులో దగ్గరుండి కోయించాడు. లోపలి గట్టికర్ర, చేవ, ఎంతవరకు ఉందో వేలితో తడిమి చూసి, చెద పట్టే తెల్లకర్రంతా తీయించేశాడు. పలకకూ పలకకూ మధ్య పుల్లలు పెట్టి వేసవంతా నీడలో ఆరబెట్టాడు.

గణేష్‌బాబు ఆ దారిన వెళ్ళినప్పుడల్లా బండి స్లో చేసేవాడు. ఒకరోజు దిగి, పలక మీద వేళ్ళతో కొట్టి చూశాడు.

"బాగా ఆరనియ్ బాబాయ్. తొందరపడి పచ్చికర్ర బిగించేవు."

"కర్ర సంగతి నువ్వు చెప్తావురా నాకు?"

"చెప్పకపోతే ఎలా?" నవ్వుకుంటూ బండెక్కాడు.

"చూశారా బాబాయ్ గారూ, పుండు మీద కారం చల్లడానికే వచ్చాడు!" అంది లోవమ్మ గోడ మీంచి.

ముసలయ్య పలక మీద చిత్రిక కాస్త గట్టిగా లాగాడు.

శ్రావణమాసం ఆఫరు మొదలైన ఆదివారం. గణేష్‌బాబు షాపు ముందు షామియానా, డీజే పాటలు, ఇసుకేస్తే రాలని జనం. ట్రాలీ ఆటో ఒకటి సరిగ్గా గుమ్మానికి అడ్డంగా వచ్చి ఆగింది. అందులో మంచం. రంగు లేదు, పాలిష్ లేదు. ఎండలో చేవ తేనెలా మెరుస్తోంది.

ముసలయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని దిగాడు. మంచాన్ని కిందికి దింపించి, నలుగురూ చూసేలా తిరగేయించాడు. మళ్ళీ నిలబెట్టించాడు.

గణేష్‌బాబు లోపల్నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఇక్కడేంటి బాబాయ్? తీయించెయ్." గొంతు తగ్గించాడు. "నీకు దణ్ణం పెడతాను."

"ఏం, రోడ్డు కూడా నీదేనా?"

జనం మూగారు. కొత్త ఇంటికి సామాను కొనడానికొచ్చిన ఒకావిడ మంచం పట్టె పట్టుకుని బలంగా ఊపింది. కిర్రుమనలేదు. బిడ్డ ఒళ్ళు నిమిరినట్టు చేత్తో నిమిరింది.

"ఎంతకిస్తారండీ ఇది?"

"మేడమ్, లోపలికి రండి, ఇంతకన్నా మంచి మోడల్స్ ఉన్నాయి" అంటూ గణేష్‌బాబు మధ్యలో దూరాడు. "అంతా గ్యారంటీ పలకండీ, కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు!"

"నేనడిగింది ఆయన్నండీ."

ముసలయ్య డీజే పాట అయ్యేదాకా ఆగాడు. శిష్యుడి భుజం మీద చెయ్యి వేశాడు. అందరికీ వినబడేలా చెప్పాడు.

"అమ్మడానికి కాదమ్మా, 'మా కొట్టు పలకల మీద నాకే నమ్మకం లేదు బాబాయ్, దుంగ తెచ్చి నాకో మంచం చేసిపెట్టు, ఎవరికీ చెప్పకు' అని వీడే చేయించుకున్నాడు."