రెండోసారి పాట

ఆ రోజు ‘వన్స్ మోర్’ అని అరిచింది నేనే.

నల్లగొండ దగ్గర ఒక మిషన్ దవాఖానలో నేను టపా తెచ్చే బంట్రోతును. యుద్ధం వల్ల పోలెండు విడిచి వచ్చిన హలీనా దొరసాని ఛాతీ జబ్బుతో అక్కడే ఉండేది. వాళ్ల దేశపు పెద్ద పెద్ద నాటకశాలల్లో ఇరవై ఏళ్లు పాడిన మనిషి. ఇక పాడితే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ చెప్పింది.

ఆ ఉదయం ఆమెకొక కార్డు అందించాను. చదివి మంచం దిగింది. తర్వాత వరండా స్తంభం పట్టుకుని ఒక్కసారిగా గొంతెత్తింది.

రోగులంతా మంచాల మీద లేచి కూర్చున్నారు. ఆమె చెంపల మీద నీళ్లు చూసి, నటనంటే ఇదీ అనుకున్నాను. భువనగిరిలో నాటకాలు చూసిన అలవాటు ఊరుకోనిస్తుందా? చప్పట్లు కొట్టి కేక వేశాను.

ఆమెకూ వేదిక అలవాటే కదా. చెంపలు తుడుచుకుని, నాకేసి తల వంచి, మొదటి నుంచి మళ్లీ పాడింది.

అక్కడే ఆయాగా పనిచేసే నా భార్య బిక్షమ్మ చీపురు పారేసి పరుగెత్తింది. దొరసానిని గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ నేల మీద కూలబడ్డారు. జారిపడ్డ కార్డును డాక్టరమ్మ తీసి చదివింది. దొరసాని కూతురు చనిపోయిందట.

సాయంత్రం దాకా బిక్షమ్మ దొరసాని దగ్గరే ఉంది. ఇంటికి వచ్చాక ఒక్కటే అడిగింది.

“పోయినేడు మన బిడ్డ పోయిననాడు నేను గూడ గట్లనే రాగం దీసి ఏడ్చిన గదా. గప్పుడెందుకు అనలేదు నువ్వు, వన్స్ మోర్ అని?”