గోడ మీద బల్లి

పక్క వాటాలోని బేకరీ ఆవిడ తలుపు తట్టలేదు, అరచేత్తో బాదింది. ఆడపడుచు వచ్చి గడియ తీసేసరికి చెదిరిన జుట్టుతో, ఎర్రబారిన కళ్ళతో గడప మీద నిలబడి ఉంది.

"మీ ఇంట్లో ఉండేది మనుషులా, వడ్రంగి పిట్టలా?"

ఆమె కోపం అధర్మమైనదేమీ కాదు. లోకం కన్ను తెరవకముందే లేచి పిండి పిసకడం ఆమె జీవనం. నలుగురూ భోంచేసి బద్ధకించే మధ్యాహ్నమే ఆమెకు నడిరేయి. సరిగ్గా ఆ వేళకే, రెండు వాటాలకూ ఉమ్మడి అయిన గోడ మీద టకటకమని కర్ర చప్పుడు. కొన్నాళ్ళుగా ఇదే వరస. మొదట మర్యాదగా చెప్పి వెళ్ళింది. తరువాత విసుక్కుంది. ఈనాడు యుద్ధానికే వచ్చింది.

మంచాన పడిన తన వదినకు తుంటి విరిగిందని, గోడ మీద బల్లి పాకితే భయపడి చేతికర్రతో కొడుతున్నదని ఆడపడుచు సర్దిచెప్పబోయింది.

"రోజూ నా నిద్రవేళకే పాకే బల్లా? దాని చేతికేమైనా గడియారం ఉందా?"

ఆడపడుచుకూ ఓర్పు నశించింది. పొద్దుటినుంచి రోగికి పక్కలు మార్చి, ఒళ్ళు తుడిచి, మలమూత్రాలెత్తి, తానింకా నడుము వాల్చలేదని, నిద్ర సంగతి తనకు చెప్పవద్దని కసిరింది.

"నీ కష్టం నేను తెచ్చిపెట్టానా?" అంది బేకరీ ఆవిడ. అంతవరకూ 'మీరు' అన్న నోరు 'నువ్వు'లోకి దిగింది. ఇంకొక్కసారి చప్పుడు వినిపిస్తే ఇంటి ఓనరుకు చెప్పి ఖాళీ చేయిస్తానంది.

ఆ మాటతో ఆడపడుచు కోపం దిగిపోయింది. వెతకగా వెతకగా మెట్లెక్కే పని లేని ఇల్లు ఇదొక్కటే దొరికింది. ఇదీ పోతే, కదలలేని మనిషిని ఏ మేడ మీదికి మోయాలి? ఎవరి చేత మోయించాలి? అన్నగారు కాలం చేశాక ఈ గుమ్మం తొక్కిన చుట్టం లేడు.

లోపలినుంచి వదిన గొంతు వినిపించింది. "ఎవరే అది? గుమ్మంలో అరిస్తే వీధికి వినపడుతుంది. లోపలికొచ్చి అరవమను."

బేకరీ ఆవిడ విసురుగా లోపలికి వచ్చింది. మంచం దగ్గర మాత్రం ఆగి, రోగి వీపు కింద ఉండచుట్టుకుపోయిన దుప్పటిని చూసింది.

"ఇలా వదిలేస్తే ఒళ్ళు పుండు పడుతుంది. ఇదేనా నువ్వు చూసుకునేది?"

"నాకున్నవి రెండు చేతులే."

"నోళ్ళు మాత్రం నాలుగు. పట్టు ఆ పక్క."

ఒకరినొకరు తిట్టుకుంటూనే ఇద్దరూ వంగారు. బేకరీ ఆవిడ రోగి భుజం కింద చేయి దూర్చి, మెత్తని పిండి ముద్దను బల్ల మీద మళ్ళించే ఒడుపుతో పక్కకు తిప్పింది.

"మెల్లిగా తల్లీ. నేను మనిషిని, మీ కొట్లో బన్నును కాను," అంది వదిన.

"మా బన్నులు మెత్తగా ఉంటాయండీ. మీలా ఎదురు మాట్లాడవు."

ఆడపడుచు ఫక్కున నవ్వింది. ఆ నవ్వు తనదేనా అని తానే ఉలిక్కిపడి, నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

దుప్పటి సరిచేశాక బేకరీ ఆవిడ మంచినీళ్ళు అడిగింది. అవి తాగుతూ తన యజమానిని తిట్టింది, కొలిమిలాంటి ఆ పొయ్యిని తిట్టింది, చివరికి అక్కడ లేని ఆ బల్లిని కూడా విడిచిపెట్టలేదు. ఆడపడుచు ఊరుకుంటుందా? తన నడుము నొప్పి మొదలు మందుల షాపువాడి వెటకారం దాకా ఏకరువు పెట్టింది. ఒకరి మాట ముగియకుండానే మరొకరు అందుకున్నారు. కిటికీలోంచి నేల మీద పడ్డ ఎండ గోడ ఎక్కేదాకా ఆ వాగ్యుద్ధం ఆగలేదు.

"రేపు మళ్ళీ కొట్టారో, ముందు ఇక్కడికొచ్చి మీ ఇద్దర్నీ దులిపి, అటునుంచి అటే ఓనరు దగ్గరికి పోతా," అని బేకరీ ఆవిడ తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది.

ఆడపడుచు సాయంత్రం వంటకు కుక్కరు పొయ్యి మీద పెట్టి, తిన్నగా వచ్చి వదిన పక్కనున్న కర్రను లాక్కుంది.

"ఇలా ఇయ్యి," అంది వదిన.

"ఇవ్వను. మన నెత్తిన నీడ ఊడేదాకా నీకు నిద్ర పట్టదా? బల్లిట, బల్లి! పొద్దున్నే గోడంతా దులిపాను. ఈ గదిలో ఈగ కూడా లేదు. నీకు చేసిన చాకిరీకి నా మీద తీర్చుకుంటున్న కసి కాకపోతే మరేమిటి ఇది?"

అంతలో వంటింట్లో కుక్కరు కూత పెట్టింది.

"వస్తున్నానమ్మా, ఆగు. నీకూ నేనే లోకువ," అని ఆడపడుచు అలవాటుగా అటు తిరిగి కేకవేసింది.

"ఆ కుక్కరుతో నువ్వు మాట్లాడినన్నాళ్ళూ ఊరుకున్నాను," అంది వదిన, గోడ వైపు తల తిప్పుకొని. "ఒకరోజు దాన్నేదో అడిగి, జవాబు కోసం ఆగావు. గోడ అవతల జవాబు చెప్పే మనిషి ఉందిగా అని ఈ కర్ర ఆ రోజే అందుకున్నాను."