భుజాల మీది వెలుగు

కంప్యూటర్ తెర మీద, స్కాన్ బొమ్మలో వీరదుర్గ మెడ, భుజాలు వెలిగిపోతున్నాయి. సూదితో ఎక్కించిన చక్కెర మందు బ్లడ్ క్యాన్సర్ ఉన్నచోట అలాగే వెలుగుతుందని పక్కనే కూర్చున్న గోవర్ధనరావుకి తెలుసు. ఆయనదీ అదే జబ్బు, అదే చికిత్స, తర్వాతి నంబరు.

బందరులో చేపలమ్మే ఈ మనిషి తనకన్నా ముందు బాగుపడుతుందేమోనని ఆర్నెల్లుగా ఏడుస్తున్నాడు. అవును, అసూయే, దానికి మర్యాదైన పేరు పెట్టక్కర్లేదు. ఇప్పుడా వెలుగు చూసేసరికి ప్రాణం లేచొచ్చింది.

"నిన్న బరువులేమైనా మోశావా?" అన్నాడు డాక్టరు.

"వద్దన్నారు గానీ, చేపలు ఆగుతాయాండీ? ఒక్క బుట్టేనండీ మోసింది."

"అదే మరి! కష్టపడ్డ కండలు కూడా ఆ చక్కెర పీల్చుకుని ఇలాగే వెలుగుతాయి. జబ్బు ఎక్కడా లేదు. ఇక కీమో ఆపేద్దాం."

తెర మీదకి గోవర్ధనరావు బొమ్మ వచ్చింది. చంకల్లో, మెడ పక్కన వెలుగు. మందు మార్చాలన్నాడు డాక్టరు.

పామిడిముక్కలలో నలభై ఎకరాల ఆసామి ముందుకు వంగాడు. "నావీ కండలేనేమో, సరిగ్గా చూడండి డాక్టరు గారూ."

"నిన్న మీరేం పని చేశారండీ?"

నిన్నటి సంగతి అటుంచి, అరవై ఏళ్లు వెనక్కి వెతికినా ఆయనకి తను చేసిన పని ఒక్కటీ తగల్లేదు.